పొట్టు కింద మిగిలిన తొట్టెల కోడు

మా దుకాణంల ఇప్పుడు మీట నొక్కితే ఖరాదు తిరుగుతది. మనుమరాండ్లు చెంగు బొడ్ల దోపుకొని, తిరిగే కట్టె మీద ఉలి ఆనిస్తే చాలు, పొట్టు పూలదండ లెక్క జారుతది. "కరెంటు లేనప్పుడు ఎట్ల చేసిండ్రు, అమ్మమ్మా?" అని అడుగుతరు. నేను చెప్పుడు మొదలుపెట్టంగనే మీట నొక్కుతరు. ఆ మోతల నా మాట నాకే వినిపించదు. అందుకని రాసి పెడుతున్న. ఎన్నడన్న కరెంటు పోయినప్పుడు చదువుకుంటరు.

నేను బడి మొఖం చూడలేదు. పొద్దుగూకినంక మా నాయన పురాణం చదువుతుంటే, ఆయన వేలు ఎటు జరిగితే అటు కండ్లు జరిపి అక్షరాలు నేర్చుకున్న. తప్పులుంటే దిద్దుకోండ్రి.

మా నాయన ఖరాదీ. కట్టెను గుండ్రంగ తీర్చేటోళ్లను పాతబస్తీల గట్లనే అంటరు. మంచాల కోళ్లు, తొట్టెలలు, పీటల కాళ్లు, రొట్టెలు చేసే కర్రలు, పతంగుల చర్ఖాలు, గుండ్రంగ ఉన్నదేదైనా మా పనే. అప్పటి ఖరాదు నేల మీదనే ఉండేది. ఎదురెదురుగ రెండు దిమ్మెలు, వాటికి ఇనుప మొనలు, ఆ మొనల నడుమ కట్టె. కట్టెకు తాడు చుట్టి ఒకరు అటొకసారి ఇటొకసారి లాగుతుంటే, ఇంకొకరు నేల మీద కూసోని ఉలి పట్టాలె. చేత్తోని పట్టుడు, కాలి బొటనవేలితోని ఆనించుడు. తాడు ఆడోళ్లది, ఉలి మొగోళ్లది. ఈ కట్టడ ఎవరు పెట్టిండ్రో తెల్వదు. పుట్టింట్ల నాయనకు లాగిన, పెండ్లయినంక మా ఆయనకు లాగిన. కట్టెల ముడి ఉంటే ఉలి పట్టినోళ్ల కన్న ముందు తాడు లాగేటోళ్ల అరచేతికే తెలుస్తది. అది మాత్రం మాకు దేవుడిచ్చిన లాభం.

లడాయి రోజులవి. అఫ్జల్‌గంజ్ దిక్కు అడ్డాలల్ల టేకు దొరుకుడు బందయింది. ఉన్నదంత ఫౌజుకు పోతుందన్నరు. అసుంటప్పుడు ఒకనాడు మా ఆయన భుజం మీద దుంగతోని వస్తూ జారి పడ్డడు. కుడి మణికట్టు విరిగింది. పహిల్వాను దగ్గరికి తీసుకపోతే నూనె రుద్ది, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టిండు. ఎముక అతికింది గని వంకరగ అతికింది. అన్నం ముద్ద నోటి దాక పోతది, ఉలి మాత్రం నిలువదు. మొన కట్టెకు తగలంగనే చేయి వణికి పక్కకు జారుతది.

మా బావకు, అంటే మా ఆయన అన్నకు, రెండు గల్లీల అవతల సొంత ఖరాదు ఉంది. మంచి పనోడు, నోరే జర కారం. ఆయన ఒకనాడు వచ్చి అత్తమ్మ ముందర కూసున్నడు. తమ్ముని చేయి పోయిందన్నడు. ఖరాదు ఊకె ఉంటే మొనలకు తుప్పు పడుతది, తన ఇంటికి తీసుకపోయి పాతుకుంటనన్నడు. తమ్ముడు వచ్చి తాడు లాగొచ్చు, తిండికి ఫికర్ లేదన్నడు. న్యాయంగ చూస్తే చెడ్డ మాటేం కాదు. గని ఆ మాట విన్నంక మా ఆయన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. ఆ ఖరాదు మా మామ తన చేతులతోని పాతింది. అది గడప దాటితే మా ఇంట్ల పని పోయినట్టే, మేము బావ ఇంట్ల కూలోళ్లం అయినట్టే. అత్తమ్మ అవునని అనలేదు, కాదని అనలేదు. హోలీ కానియ్యి అని పంపింది.

ఆ నడుమల్నే పెద్ద నర్సమ్మ మా గడప ఎక్కింది. పక్క మొహల్లల ఆడోళ్ల దవాఖాన ఒకటుండె, అండ్ల కాన్పుల వార్డు ఆమె చేతి కింద ఉండేది. గుంటూరు దిక్కు మనిషి. తెల్లచీర, కాళ్లకు బూట్లు, చూపు మాత్రం మెత్తన. కొత్త వార్డు కడుతున్నరని, దానికోసం కాంపౌండుల ఉన్న నీలగిరి చెట్లు కొట్టేసిండ్రని చెప్పింది. తొట్టెలలు సరిపోతలేవు, ఒక్కో తొట్టెలల ఇద్దరు పసిపిల్లలను పండబెడుతున్నరు. టేకు లేదు గనుక ఆ నీలగిరితోనే తొట్టెలలు చేయించాలని గల్లీ గల్లీ తిరుగుతుంది. అందరు నవ్వుతున్నరట. మా బావ అయితే ఇంకో ముచ్చట కూడా అన్నడట. నీలగిరి తైలం జలుబుకు, కట్టె పొయ్యికి, మా తమ్మునికి ఇప్పుడు వేరే పని లేదు గనుక ఆడికి పోండ్రి అని.

"మొన్న ఒక బిడ్డ తల్లి పక్కలోంచి జారింది" అన్నది నర్సమ్మ. "నేను అక్కడే కూర్చుని ఉన్నాను కాబట్టి నా ఒళ్లో పడింది. ప్రతిసారీ నా ఒడి అక్కడ ఉండదు కదమ్మా."

మా ఆయన తన వంకర చేయి ఎత్తి చూపిండు. నోరు తెరిచి ఏదో చెప్పబోయిండు. ఆయన కన్న ముందు, "చేస్తం" అని నా నోట్లకెళ్లి వచ్చింది. ఎట్ల అన్ననో నాకు తెల్వదు. అనిపించినాయనకు తెలుసు.

లక్క మాత్రం వద్దన్నది నర్సమ్మ. తొట్టెలలను రోజు మసిలే నీళ్లతోని, ఫినాయిలుతోని కడుగుతరు, లక్క ఆగదు. ఎర్ర లక్క లేని తొట్టెల బోడిగ ఉంటదని అత్తమ్మ మొఖం చిన్నగ చేసుకున్నది. నర్సమ్మ పోయినంక అత్తమ్మ నా దిక్కు తిరిగింది.

"ఉలి ఎవరు పడుతరే?"

"నేను పడుత, అత్తమ్మా. ఆయన తాడు లాగుతడు."

అత్తమ్మ ఉలి దిక్కు, నా చేతుల దిక్కు మార్చి మార్చి చూసింది. ఆఖరికి చెప్పింది: "ఈ పని నిలబడితే ఖరాదు ఈడనే ఉంటది. చెడితే పెద్దోడు తీసుకపోతడు. అప్పుడు నా ముందర ఏడుపులు వద్దు."

మరునాడు బండి మీద పచ్చి దుంగలు వచ్చినయి. మా ఆయన కుడి మోచేతికి తాడుతోని ఉచ్చు వేసుకున్నడు, రెండో కొస ఎడమ చేత పట్టిండు. నేను ఉలి కండ్లకద్దుకొని కూసున్న. ఆయన ఒక్క గుంజు గుంజేసరికి కట్టె మొనలల్లకెళ్లి ఊడి గడప దాటి గల్లీల పడ్డది. ఇన్నేండ్లు నేను ఎంత మెత్తగ లాగిననో ఆయనకు ఆనాడు తెలిసింది. ఎదురు దుకాణంల పతంగులు అమ్మే చాచా ఆ కట్టె తెచ్చి ఇచ్చి, మా ఇద్దరిని మార్చి మార్చి చూసిండు.

"అరే భాయ్, ఖరాద్ ఉల్టా హోగయా క్యా?"

"ఖరాదు సీదానే ఉంది చాచా" అన్నడు మా ఆయన. "మనుషులమే అటు ఇటు అయినం."

ఆయన నవ్వి చాలరోజులైంది. ఆ నవ్వుతోని నాకు సగం ధైర్యం వచ్చింది. మిగిలిన సగం ఆయన నేర్పించిండు. భుజం వదిలెయ్, బొటనవేలు వదలకు. కట్టెను గెదమకు, అదే నీ దగ్గరికి వస్తది. ఆయన లాగుడు ఎక్కువ తక్కువ అయితుంటే నేను మనసుల రామనామం అనుకునేదాన్ని. మెల్లగ అది పెదవుల మీదికి వచ్చింది. ఆయన దానికి సరిగ తాడు కలిపిండు. లాగినప్పుడు ఒక రామ, వదిలినప్పుడు ఒక రామ. ఇగ అదే మా తాళం అయింది. కరెంటు మోటారు వచ్చిన దాక మా దుకాణంల అదే నడిచింది.

పచ్చి నీలగిరి ఉలికి వెన్న లెక్క లొంగింది. పొట్టు మూరలకు మూరలు వచ్చేది, మొఖం మీద నీళ్లు చిందేటివి. వాసనకు గల్లీల అందరి ముక్కులు తెరుచుకున్నయి. అత్తమ్మకు ఏండ్ల కాలం నుంచి ఉన్న పడిశం తగ్గింది. తొట్టెలల కోళ్లు, కడ్డీలు ముందుగాల మోటుగ తీసి, ఎండినంక మళ్ల ఖరాదుకు ఎక్కించి సన్నం చేసుడు మా పద్ధతి. అన్ని కట్టెలను ఎట్ల ఎండబెడుతమో వీటిని గూడ గట్లనే దాబా మీద వరుసగ పరిచినం. పాలకొయ్యకైనా, శీసం కట్టెకైనా ఎండ తగిలితేనే మంచిదని మా తాతల నాటి మాట. ఇది వేరే రకం కట్టె అని మాకు తోచలేదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం అన్నం తింటున్నం. పైన ఫట్ మన్నది. కోతి వచ్చిందనుకున్నం. మళ్ల ఫట్. మా ఆయన ముద్ద కంచంల వదిలి దాబా ఎక్కిండు, ఎనుక నేను. ఒక్కో కోడు మా కండ్ల ముందరనే కొస నుంచి నడిమి దాక పగులుతుంది. కడ్డీలు పాములు మెలి తిరిగినట్టు తిరిగినయి. నీడకు గుంజినం, తడిగుడ్డ కప్పినం. ఏం లాభం లేదు.

సంగతి బావకు చేరింది. సాయంత్రం వచ్చి, పగిలిన కోడు ఒకటి చేతిల పట్టుకొని అటు ఇటు తిప్పిండు.

"చెక్కుడు మంచిగనే చెక్కినవు" అన్నడు నాతోని. "కట్టెనే దొంగది." తల్లి దిక్కు తిరిగి, శుక్రవారం పోయినంక మనిషిని తీసుకొని వస్తనన్నడు. అత్తమ్మ తల ఊపింది. మాట అయిపోయింది.

ఈడ మీకు ఒక సంగతి చెప్పాలె. మా అత్తమ్మ దీపం పెట్టినంక ఇల్లు ఊడ్వనియ్యదు. పని ఆగేదే దీపాల వేళ గనుక, దుకాణంల పొట్టును చీపురుతోని మూలకు తోసి పెట్టుడే, బయట పారపోయొద్దు. లక్ష్మి పోతదని ఆమె నమ్మకం, నా నమ్మకం గూడ. తెల్లారి ఆ పొట్టు పొయ్యిలకు పోయేది. గని నీలగిరి పొట్టు మంట పెడితే పొగ కండ్లల్ల కారం కొట్టినట్టుండె. మా పొయ్యి వద్దన్నది, పక్కింటోళ్లు వద్దన్నరు. దాంతోని మూలకు పొట్టు మోకాళ్ల ఎత్తు పేరుకున్నది.

ఖరాదు పోయే ముందర జాగ శుభ్రం చేసి ఇద్దామని తెల్లారి గంప పట్టుకొని కూసున్న. మామ పాతిన దిమ్మెల మీద దుమ్ము గూడ ఉండొద్దని నా మనసు. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి, పొగ లేకున్నా. పొట్టు అడుగున చేతికి గట్టిగ ఏదో తగిలింది. గుంజిన. తొట్టెల కోడు. మొదటి రోజులల్ల తీసింది, ఎప్పుడో దొర్లి మూలకు పోయినట్టుంది. దాని ఒంటి నిండ ఒక నల్ల బంక గీత. కొసలు చూసిన. వేలు పెట్టి తడిమిన. చెంగుతోని తుడిచి వెలుతురుకు పట్టి చూసిన. ఎక్కడా పగులు లేదు.

ఆయనను పిలిచిన. ఆయన దాన్ని ఎడమ చేతిల తూచిండు. పచ్చిదాని కన్న తేలికైంది. దిమ్మెకు కొట్టి చూసిండు, కంచు లెక్క మోగింది. ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.

"అన్ని పగిలితే ఇదొక్కటి ఎట్ల నిలిచింది?"

"దాని పొట్టుల అదే పండుకున్నది గద" అన్న. "అప్పడాలు నీడకు ఆరితే సాపుగ ఉంటయి, ఎండల పెడితే మెలి తిరుగుతయి. ఇది గూడ గట్లనేనేమో. నీళ్లు ఒక్కసారి పోకుండ పొట్టు పట్టి ఉంచింది."

కోడు తీసుకపోయి అత్తమ్మ ముందర పెట్టి సంగతి చెప్పినం. ఆమె మొదలు ఏం అర్థం కానట్టు చూసింది. పొట్టు ఎందుకు పేరుకున్నదో మా ఆయన యాది చేసిండు. ఆమె వీపు నిటారుగ అయింది.

"అంటే దీపం పెట్టినంక ఊడ్వొద్దని నేను అన్నందుకు ఇది నిలిచింది."

"అవునమ్మా."

"మరి ఇన్నేండ్లు చాదస్తం అన్నరు."

నేను ఎన్నడు అనలేదు. అన్నది ఆమె కొడుకు. ఆయన కిందికి చూసిండు. అత్తమ్మ చెంగు సరిచేసుకొని, శుక్రవారం పోయినంక పెద్దోడు వస్తే తను మాట్లాడుతనన్నది. మాట్లాడింది గూడ. ఏం చెప్పిందో గని, బావ తెచ్చిన మనిషి ఉత్త చేతులతోని పోయిండు. వార్డు తెరిచే రోజు దాక మాత్రమే గడువు అని బావ గట్టిగ చెప్పి పోయిండు.

నర్సమ్మకు నిజం చెప్పాలని నేనే దవాఖానకు పోయిన. పగిలినవాటిల ఒకటి, నిలిచింది ఒకటి చెంగుల కట్టుకపోయిన. ఆమె రెండింటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసింది, అడగాల్సినవి అడిగింది, ఒక్క మాట తిట్టలేదు. దుంగలు ఇంకా ఉన్నయన్నది. "శ్రావణంలో వార్డు తెరుస్తారు. ఆ రోజు మాత్రం నా చేతిలో లేదు" అన్నది. బయటికి వస్తుంటే పిలిచి, ఎండ తగలకుండ మిగిలిన దుంగల మీద తడి గోనెలు కప్పిస్తనన్నది. నాకు తోచని సంగతి ఆమెకు తోచింది. ఆ గోనెలు లేకుంటే మా కత వేరే తీరు ఉండేదేమో.

మళ్ల మొదలుపెట్టినం. తీసిన కోడు తీసినట్టే దాని పొట్టులనే పాతి, పైన గోనె కప్పినం. ఇంటి సగం పొట్టే. అందరం పొట్టు పక్కనే తిన్నం, పొట్టు పక్కనే పండుకున్నం. వానలు పడ్డంక బూజు పట్టింది. తీసి తుడిచి, తడి పొట్టు మార్చి కొంచెం పొడి పొట్టు కలిపి మళ్ల పాతినం. బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నం. అత్తమ్మ అయితే పొద్దున లేవంగనే ఆ పొట్టు గుట్టకు పసుపు బొట్టు పెట్టేది. చాచా వచ్చి, ఆ వాసనకు ఎదురుంగ తన దుకాణంల కూసున్నా దగ్గు తగ్గిందని, ఈ గుట్టను ఎన్నడు తీయొద్దని అనేటోడు.

ఆషాఢం బోనాలు అయినంక, మొదట దొరికిన కోడును గూడ కలిపి, ఒక్కొక్కటి తీసి మళ్ల ఖరాదుకు ఎక్కించిన. వెన్న లెక్క లొంగిన కట్టె ఇప్పుడు రాయి అయింది. పోగులు ఒకదాని మీద ఒకటి పెనవేసుకున్నయి, అటు చెక్కితే ఇటు లేస్తున్నయి. గంట గంటకు ఉలి నూరుకున్న. మా ఆయన లాగుడు పొట్టిగ, మెత్తగ చేసిండు. ముడి వచ్చేముందర ఆయనే "ఆగు" అనేటోడు. తాడు ఆయన అరచేతికి గూడ చెప్పుడు మొదలుపెట్టింది. బేగంబజార్ల అవిసె నూనె తెచ్చి రుద్దితే కట్టెకు తేనె రంగు వచ్చింది. లక్క లేదని అత్తమ్మకు మళ్ల యాదికి రాలేదు.

వార్డు తెరిచే ముందటి దినం తొట్టెలలు బండికి ఎక్కించినం. బావ గూడ వచ్చిండు. సాయానికి వచ్చిండో, చూడనీకి వచ్చిండో మేము అడగలేదు. దవాఖాన వాకిట్ల నర్సమ్మ మొదటి తొట్టెలను నడుమల పెట్టించింది. రోజు ఎట్ల కడుగుతరో గట్లనే కడిగి చూడాలన్నది. మసిలే నీళ్లు, ఫినాయిలు. ఆవిరి లేచింది. బకెట్టు ఒలికినప్పుడల్ల నా పానం ఒలికినట్టుండె. కడుగుడు అయినంక ఎండకు పెట్టించింది. వానలు ఆగి ఆనాడు ఎండ గూడ సూదుల లెక్క కొట్టింది.

అందరం వరండాల నిలబడ్డం. అందరి చెవులు ఆ తొట్టెల మీదనే. నేను పెదవుల మీద రామనామం నడిపిస్తున్న. ఫట్ మన్నది.

మా ఆయన కండ్లు మూసుకున్నడు. బావ ఒక్క అంగల తొట్టెల దగ్గరికి పోయి వంగిండు, లేచిండు, ఎనుకకు చూసిండు. బండి తోలుకొచ్చినాయన రెండో చేతి మెటికలు విరుచుకుంటుండు. మళ్ల ఫట్, ఫట్.

"నీ చేతులు జేబుల పెట్టుకోరా నాయనా" అన్నడు బావ.

నర్సమ్మ ముందుగాల నవ్వింది. ఆ ఎనుక మేమందరం. పొద్దు వాలే దాక ఆ తొట్టెల ఎండలనే ఉంది. బావ ఒక్కో కోడు, ఒక్కో కడ్డీ వేలితోని తడిమిండు, కొసలు చూసిండు, ఊపి చూసిండు. ఖరాదీ ఎట్ల చూస్తడో గట్ల చూసిండు, అన్న చూసినట్టు కాదు. అయినంక నా ముందరికి వచ్చి నిలబడ్డడు.

"ఖరాదు నేను అడగ" అన్నడు. "ఉలి నీ చేతిల్నే ఉండనీ." గొంతు తగ్గించిండు. "ఒక గంపెడు ఆ పొట్టు ఇస్తవా?"

ఇచ్చిన. నిండ ఇచ్చిన. ఇంటికి వచ్చినంక అత్తమ్మ హారతి పళ్లెంల తాడు, ఉలి రెండూ పెట్టింది. బొట్టు పెట్టి, తాడు కొడుకు చేతికి, ఉలి నా చేతికి ఇచ్చింది. ఆమె మాట్లాడకుండ ఇచ్చింది అదొక్కటే.

ఆ తర్వాత గల్లీ గల్లీల నీలగిరి పని నడిచింది. టేకు మళ్ల దొరికినా మా ఇంటికి నీలగిరి తెచ్చేటోళ్లు తెచ్చిండ్రు. మా ఆయన ఉన్నన్ని రోజులు తాడు ఆయనదే. ఎవరన్న నవ్వితే, నాకు తాళం తెలుసు, మీకు తెల్వదు అనేటోడు.

కొన్నేండ్లకు నా కాన్పు ఆ దవాఖానల్నే అయింది. ఆడపిల్ల. మీ తల్లే. నర్సమ్మ తుడిచి, గుడ్డల చుట్టి తెచ్చి నా పక్కన ఉన్న తొట్టెలల పండబెట్టింది. నేను పండుకున్న దగ్గర నుంచి తొట్టెల కోడు కండ్ల ముందరనే ఉంది. ఒంటి నిండ నల్ల బంక గీత. పొట్టు కింద దొరికిన కోడు. ఇన్ని తొట్టెలల్ల ఇదే నా పక్కకు వచ్చింది. దేవునికి నేను ఎన్ని దండాలు బాకీ ఉన్ననో లెక్క పెట్టలేను. చేయి చాపి ఆ కోడును గట్టిగ తిప్పి చూసిన, వదులైందేమో అని.

"తొట్టె ఎక్కడికీ పోదమ్మా" అన్నది నర్సమ్మ. "ముందు బిడ్డ ముఖం చూడు."

చూసిన. కడుపు నిండ చూసిన. ఆమె అటు తిరగంగనే ఇంకొక్కసారి కోడు తిప్పి చూసిన. కదలలేదు.